ఫ్లాటెనరా, రెడ్యూసరా: మీ టెలిస్కోపుకి ఏది సరిపోతుంది?

ఫోటో మధ్యలో నక్షత్రాలు గుండ్రంగా వచ్చి, నాలుగు మూలల్లో మాత్రం సాగిపోతున్నాయంటే తప్పు టెలిస్కోపుని మోసి తిప్పే మౌంటుది కాదు, నక్షత్రాన్ని వెంటాడుతూ మౌంటుని సరిదిద్దే గైడింగుది కూడా కాదు. గైడింగ్ తప్పితే ఫ్రేము అంతటా నక్షత్రాలు ఒకే దిక్కుకి సాగుతాయి. మూలలు మాత్రమే చెడడం ఆప్టిక్స్ లక్షణం. రెండు గాజులున్న డబ్లెట్ గానీ మూడున్న ట్రిప్లెట్ గానీ, రిఫ్రాక్టర్ (అద్దం బదులు లెన్స్ వాడే టెలిస్కోపు) లెన్స్ బింబాన్ని ఒక గిన్నె లోపలి వంపు మీద ఏర్పరుస్తుంది. కెమెరా సెన్సరేమో చదునుగా ఉంటుంది. మధ్యలో ఫోకస్ పెడితే మూలలు పోతాయి, మూలల్లో పెడితే మధ్య పోతుంది.

ఈ వంపుని సరిచేసేది ఫీల్డ్ ఫ్లాటెనర్. ఫోకల్ రెడ్యూసర్ పని వేరు: అది ఫోకల్ లెంగ్త్‌ని తగ్గించి ఎక్కువ ఆకాశాన్ని సెన్సర్ మీదకి తెస్తుంది. రిఫ్రాక్టర్ల కోసం అమ్మే మంచి రెడ్యూసర్లు చాలావరకు రెండు పనులూ చేస్తాయి. గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది. రెండు పనులూ చేస్తుంది కదా అని అందరూ రెడ్యూసర్ వైపే మొగ్గుతారు, అందులోనూ "ఎంత తక్కువ ఎఫ్ నంబరైతే అంత మంచిది" అనుకుంటారు (ఫోకల్ లెంగ్త్‌ని లెన్స్ వ్యాసంతో భాగిస్తే వచ్చేది ఎఫ్ నంబరు). ఎంచుకోవాల్సిన వరుస అది కాదు. ముందు సెన్సర్ సైజు చూడాలి, తర్వాత తీయాలనుకునే లక్ష్యాల సైజు, ఆ తర్వాత మీ టెలిస్కోపుకోసమే తయారైన మోడల్ ఉందా లేదా అన్నది. ఫోకల్ లెంగ్త్ ఎన్ని రెట్లవుతుందో చెప్పే 0.8ఎక్స్, 0.6ఎక్స్ అనే అంకె చివరన రావాలి.

అసలు మీకు అవసరమా?

సాధారణ రిఫ్రాక్టర్‌లో ఆ వంపు వ్యాసార్ధం ఫోకల్ లెంగ్త్‌లో సుమారు మూడో వంతు ఉంటుంది. దీంతో చేతి లెక్క వేసుకోవచ్చు. సెన్సర్ కర్ణంలో సగాన్ని వర్గం చేసి, వ్యాసార్ధానికి రెండు రెట్లతో భాగిస్తే మూల దగ్గర ఫోకస్ ఎంత తప్పుతుందో వస్తుంది. దాన్ని ఎఫ్ నంబరుతో భాగిస్తే మసక చుక్క వ్యాసం వస్తుంది.

700 మి.మీ., ఎఫ్/6.8 ట్రిప్లెట్ తీసుకుందాం. వంపు వ్యాసార్ధం సుమారు 233 మి.మీ. దీనికి జడ్‌డబ్ల్యూఓ కంపెనీ కెమెరా ఏఎస్‌ఐ533 లాంటి 16 మి.మీ. కర్ణం ఉన్న చదరపు సెన్సర్ పెడితే మూలలో ఫోకస్ 0.14 మి.మీ. తప్పుతుంది, మసక 20 మైక్రాన్లు, అంటే 3.76 మైక్రాన్ల పిక్సెళ్లలో ఐదు. ఫోకస్‌ని మధ్యకీ మూలకీ నడుమ సర్దితే రెండు మూడు పిక్సెళ్లకి దిగుతుంది. సీయింగ్ (గాలి కదలిక వల్ల నక్షత్రం ఎంత మసకబారుతుందో ఆ కొలత) ఓ మోస్తరుగా ఉన్న రాత్రి నక్షత్రం సైజే అంత. అదే టెలిస్కోపుకి ఏఎస్‌ఐ2600 లాంటి ఏపీఎస్‌-సి సెన్సర్ తగిలిస్తే, అంటే 28.3 మి.మీ. కర్ణంతో, మసక 63 మైక్రాన్లకి, పదిహేడు పిక్సెళ్లకి పోతుంది. ఫుల్ ఫ్రేముకైతే దాదాపు 150 మైక్రాన్లు, నలభైకి దగ్గరగా పిక్సెళ్లు. ఇందులో ఆస్టిగ్మాటిజం (మూలల నక్షత్రాలని ఒక దిక్కుకి సాగదీసే లెన్స్ దోషం) కలపలేదు. కలిపితే ఇంకా పెరుగుతుంది.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. చిన్న టెలిస్కోపుకే ఫ్లాటెనర్ అవసరం ఎక్కువ. 420 మి.మీ., ఎఫ్/5.8 డబ్లెట్‌కి అదే ఏపీఎస్‌-సి సెన్సర్ పెడితే మసక 120 మైక్రాన్లు దాటుతుంది. "చిన్నది కదా, మొదట్లో అలా కానిద్దాం" అనుకుని 72 మి.మీ. డబ్లెట్, పాత డీఎస్ఎల్ఆర్ కొనుక్కున్నవాళ్లకి మొదటి రాత్రే మూలలు పాడై కనిపించేది ఇందుకే. ఆ జోడీకి ఫ్లాటెనర్ ధరని మొదటి బడ్జెట్‌లోనే కలుపుకోవాలి.

ఐఎంఎక్స్585 రకం చిన్న సెన్సర్, అంటే 12.8 మి.మీ. కర్ణం, 600 మి.మీ. పైన ఫోకల్ లెంగ్త్‌తో వాడుతున్నవాళ్లు ఏమీ కొనకుండా మొదలుపెట్టవచ్చు. ఆ డబ్బు మంచి ఫిల్టర్‌కో, గైడ్ కెమెరాకో పెడితే లాభం ఎక్కువ.

పెట్జ్‌వాల్ డిజైన్లకి కూడా విడి ఫ్లాటెనర్ అక్కర్లేదు. విలియం ఆప్టిక్స్ రెడ్‌క్యాట్ 51 (250 మి.మీ., ఎఫ్/4.9), అస్కార్ ఎఫ్ఆర్ఏ400 (400 మి.మీ., ఎఫ్/5.6), తకహాషి ఎఫ్ఎస్‌క్యూ-106 (530 మి.మీ., ఎఫ్/5) లాంటివాటిలో చదును చేసే లెన్సులు ట్యూబులోనే ఉంటాయి. వీటిలో కెమెరా దూరం మి.మీ. లెక్కన కుదరకపోయినా ఫోకస్ వస్తే చాలు, మూలలు బాగుంటాయి. వీటికి మామూలు ఫ్లాటెనర్ తగిలిస్తే చదునుగా ఉన్నది ఎదురు వంపు తిరుగుతుంది. ఆ మోడల్ కోసం చేసిన రెడ్యూసర్ ఉంటేనే వాడాలి. ఎఫ్ఆర్ఏ400కి 0.7ఎక్స్ ఉంది, అది 280 మి.మీ., ఎఫ్/3.9 చేస్తుంది.

ఒకే ట్యూబు, మూడు దారులు

పోలికకి అస్కార్ 103ఏపీఓ మంచి ఉదాహరణ, ఎందుకంటే దానికి 1.0ఎక్స్ ఫ్లాటెనర్, 0.8ఎక్స్, 0.6ఎక్స్ రెడ్యూసర్లు మూడూ ఉన్నాయి. ట్యూబు 700 మి.మీ., ఎఫ్/6.8. వెనక ఏఎస్‌ఐ2600 ఉందనుకుందాం.

1.0ఎక్స్ ఫ్లాటెనర్‌తో 700 మి.మీ. అలాగే ఉంటుంది. ఫ్రేము 1.92 డిగ్రీలు × 1.29 డిగ్రీలు, పిక్సెల్‌కి 1.11 ఆర్క్‌సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకను). గోళాకార నక్షత్ర గుచ్ఛాలకి, మధ్యస్థ గెలాక్సీలకి ఇదే బాగుంటుంది. మన అక్షాంశాల వరం ఒమెగా సెంటారీ దీనికి సరిగ్గా తగిన లక్ష్యం: హైదరాబాద్ నుంచి దక్షిణాన 25 డిగ్రీల ఎత్తుకి, తిరుపతి నుంచి 29 డిగ్రీలకి వస్తుంది. యూరప్‌లో చాలాచోట్ల అది అసలు ఉదయించదు. అరడిగ్రీ పైన పరుచుకునే గుచ్ఛాన్ని 0.6ఎక్స్‌తో తీస్తే మధ్యలోని నక్షత్రాలు ఒకదాన్నొకటి మింగేస్తాయి. ఎన్‌జీసీ 253 గెలాక్సీకీ ఇదే మాట.

0.8ఎక్స్‌తో 560 మి.మీ., ఎఫ్/5.4. ఫ్రేము 2.4 × 1.6 డిగ్రీలు, పిక్సెల్‌కి 1.39 ఆర్క్‌సెకన్లు. రోసెట్ నెబ్యులా చుట్టూ చీకటి అంచు వదిలి పడుతుంది. ఓరియన్ నెబ్యులాతో పాటు పైనున్న రన్నింగ్ మ్యాన్ కూడా వస్తుంది. కన్యారాశిలోని మార్కేరియన్ గొలుసు మొత్తం పడుతుంది. సీయింగ్ 3 ఆర్క్‌సెకన్లు ఉన్న రాత్రి నక్షత్రం రెండుంపావు పిక్సెళ్ల మీద పరుచుకుంటుంది. మైదాన ప్రాంతాల్లో రంగుల కెమెరాతో పనిచేసేవాళ్లకి ఇది చాలా సౌకర్యమైన చోటు. ఒక్కటే కొనగలిగితే, ఎఫ్/6.5 నుంచి ఎఫ్/7.5 మధ్య ఉన్న ట్రిప్లెట్‌కి మా ఓటు దీనికే. స్కై-వాచర్ 80ఈడీ లాంటి ఎఫ్/7.5 డబ్లెట్‌కి దాని 0.85ఎక్స్ కూడా అదే వరసలోది: 600 నుంచి 510 మి.మీ., ఎఫ్/6.4.

0.6ఎక్స్‌తో 420 మి.మీ., ఎఫ్/4.1. ఫ్రేము 3.2 × 2.1 డిగ్రీలు, పిక్సెల్‌కి 1.85 ఆర్క్‌సెకన్లు. ఆండ్రోమెడా గెలాక్సీ ఒకే ఫ్రేములో పట్టాలన్నా, కృత్తికల చుట్టూ ఉన్న ధూళి మేఘాలు, వెయిల్ నెబ్యులా మొత్తం కావాలన్నా ఇదే దారి. కానీ నక్షత్రం పిక్సెళ్లకి చిన్నదైపోతుంది. ప్రతి రెండు మూడు ఎక్స్‌పోజర్లకి డిథరింగ్ చేసి (ఫ్రేముని కొద్దిగా జరిపి), ఫోటోలన్నీ కలిపే స్టాకింగులో డ్రిజిల్ (ఇంకా చిన్న పిక్సెళ్ల మీద పేర్చే పద్ధతి) వాడితే గానీ గుండ్రంగా రాదు. పైగా దీనికి ఖచ్చితత్వం చాలా కావాలి. మసక కనబడకుండా ఫోకస్ నిలిచే లోతు ఎఫ్ నంబరు వర్గాన్ని బట్టి మారుతుంది: ఎఫ్/6.8 దగ్గర సుమారు 124 మైక్రాన్లు, ఎఫ్/5.4 దగ్గర 79, ఎఫ్/4.1 దగ్గర 45. ఏపీఎస్‌-సి సెన్సర్ 23.5 మి.మీ. వెడల్పు. ఆ వెడల్పులో ఒక కొస రెండో కొసకంటే 45 మైక్రాన్లు వెనక్కి ఉండాలంటే కెమెరా 0.11 డిగ్రీలు వాలితే చాలు. ఒక ఎడాప్టర్ స్క్రూ సరిగా కూర్చోకపోయినా అంత వాలుతుంది. ఈ వాలుని, అంటే టిల్ట్‌ని, సరిచేసే ఓపిక, టిల్ట్ ప్లేటు ఉన్న కెమెరా ఉంటేనే 0.6ఎక్స్ జోలికి వెళ్లండి.

ఇంకో పరిమితి వెలుగు వలయం, అంటే టెలిస్కోపు వెనక వెలుగు నిండే గుండ్రటి మేర. రెడ్యూసర్ ఆ వలయాన్ని కూడా కుదిస్తుంది. 28.3 మి.మీ. సెన్సర్‌కి 0.8ఎక్స్‌తో వెలుగు నిండాలంటే ముందు 35 మి.మీ. వలయం కావాలి, 0.6ఎక్స్‌తో 47 మి.మీ. రెండంగుళాల ఫోకసర్ లోపలి రంధ్రం ఇంచుమించు అంతే ఉంటుంది, కాబట్టి మూలలు నల్లబడతాయి. ఫుల్ ఫ్రేము, పెద్ద రెడ్యూసర్, రెండంగుళాల ఫోకసర్ మూడూ ఒకచోట కుదరవు. రెండున్నర అంగుళాల పైన ఫోకసర్, ఎం54 (54 మి.మీ. వ్యాసం) లేదా అంతకంటే పెద్ద థ్రెడ్ ఉండాలి.

"వేగం" గురించి ఒక మాట

0.8ఎక్స్ పెడితే ఒక్కో పిక్సెల్ మీద పడే వెలుగు 1.56 రెట్లవుతుంది, 0.63ఎక్స్‌తో 2.5 రెట్లు, 0.6ఎక్స్‌తో 2.8 రెట్లు. ఈ అంకెలు నిజమే. అయితే ముందున్న లెన్స్ 103 మి.మీ. అది గెలాక్సీ నుంచి సేకరించే ఫోటాన్లు రెడ్యూసర్ పెట్టినా పెట్టకపోయినా ఒక్కటే. రెడ్యూసర్ వాటిని తక్కువ పిక్సెళ్ల మీదకి కుదిస్తుంది, అంతే. 1.0ఎక్స్‌తో తీసిన ఫోటోని తర్వాత కంప్యూటర్‌లో 80 శాతానికి తగ్గిస్తే నాయిస్ కూడా దాదాపు అంతే తగ్గుతుంది.

ఆకాశపు వెలుగు కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. విజయవాడ, హైదరాబాద్ మధ్యలోంచి తీసేవాళ్లకి 1.0ఎక్స్‌తో 180 సెకన్ల ఎక్స్‌పోజర్ సరిపోతుంటే, 0.8ఎక్స్‌తో 115 సెకన్లు, 0.6ఎక్స్‌తో 65 సెకన్లే తీయాలి. లేకపోతే నక్షత్రాల మధ్యభాగం తెల్లగా కాలిపోతుంది. చిన్న ఎక్స్‌పోజర్ల వల్ల గైడింగ్ మీద ఒత్తిడి తగ్గడం మాత్రం అసలైన లాభమే, ముఖ్యంగా చవక మౌంట్ల మీద.

రెడ్యూసర్ వల్ల కచ్చితంగా పెరిగేది ఒక ఫ్రేములో పట్టే ఆకాశం. 0.8ఎక్స్‌తో విస్తీర్ణం 1.56 రెట్లు. మీ లక్ష్యం ఫ్రేములో ఇప్పటికే సులువుగా పడుతుంటే రెడ్యూసర్ కొత్తగా తెచ్చిపెట్టేది తక్కువ. పక్కపక్క ఫ్రేముల్ని కలిపి మొజాయిక్ కుట్టాల్సిన లక్ష్యాలైతే రెండు రాత్రుల పని ఒక్క రాత్రిలో అయిపోతుంది.

ష్మిట్-కాసెగ్రెయిన్ ఉన్నవాళ్లకి

అద్దాలతో పనిచేసే ఈ పొడుగు ఫోకల్ లెంగ్త్ టెలిస్కోపుల్లో లెక్క తిరగబడుతుంది. సెలెస్ట్రాన్ సీ8 ఫోకల్ లెంగ్త్ 2032 మి.మీ., ఎఫ్/10. 3.76 మైక్రాన్ల పిక్సెల్‌కి 0.38 ఆర్క్‌సెకన్లే వస్తాయి. 3 ఆర్క్‌సెకన్ల సీయింగ్‌లో నక్షత్రం ఎనిమిది పిక్సెళ్ల మీద పరుచుకుంటుంది, ఏ వివరమూ అదనంగా రాదు. అందుకే నెబ్యులాలు, గెలాక్సీలు తీసే సీ8కి రెడ్యూసర్ మొదటి కొనుగోలు కావాలి. సెలెస్ట్రాన్ ఎఫ్/6.3 రెడ్యూసర్-కరెక్టర్ పెడితే 1280 మి.మీ., పిక్సెల్‌కి 0.61 ఆర్క్‌సెకన్లు. రెండు × రెండు పిక్సెళ్లని ఒకటిగా కలిపే బిన్ 2తో 1.2 అవుతుంది, అది చక్కటి స్కేలు. గైడింగ్‌కి కావాల్సిన ఖచ్చితత్వం కూడా కాస్త సడలుతుంది.

దాని బ్యాక్‌ఫోకస్ (రెడ్యూసర్ వెనక నుంచి సెన్సర్‌కి ఉండాల్సిన దూరం) రిఫ్రాక్టర్లలోలా 55 కాదు, 105 మి.మీ. రెడ్యూసర్ వెనక 50 మి.మీ. టీ-ఎడాప్టర్, ఆపైన 55 మి.మీ. కెమెరా వరుస పెడితే కుదురుతుంది. ఎక్కువ దూరం పెడితే ఫోకల్ లెంగ్త్ ఇంకా తగ్గుతుంది గానీ మూలలు పాడవుతాయి. ఈ రెడ్యూసర్ వంపుని బాగానే తగ్గిస్తుంది, కోమాని (మూలల నక్షత్రాలకి తోకలు తెచ్చే దోషం) పూర్తిగా తీయదు. ఏఎస్‌ఐ533 చదరానికి దీనితో హాయిగా పని జరుగుతుంది. ఏపీఎస్‌-సి మూలలకి మాత్రం స్టారిజోనా ఎస్‌సీటీ కరెక్టర్ 0.63ఎక్స్ లాంటిది మేలు, ధర ఎక్కువైనా.

సెలెస్ట్రాన్‌వే అయిన ఎడ్జ్‌హెచ్‌డీ ట్యూబులది వేరే కథ. వాటిలో చదును చేసే లెన్సులు బాఫిల్ గొట్టంలోనే ఉన్నాయి. వాటికి పాత ఎఫ్/6.3 రెడ్యూసర్ పెట్టకూడదు, అది వంపుని రెండోసారి సరిచేయబోయి మూలలు పాడుచేస్తుంది. ఎడ్జ్‌హెచ్‌డీ 8కి వేరే 0.7ఎక్స్ రెడ్యూసర్ ఉంది, బ్యాక్‌ఫోకస్ 105 మి.మీ. రెడ్యూసర్ లేకుండా వాడితే ఆ ట్యూబు వెనక నుంచి సెన్సర్‌కి 133.35 మి.మీ. ఉండాలి. పాత సామాను అమ్మేవాళ్లు ఈ రెండు రెడ్యూసర్లనీ ఒకే పేరుతో పెట్టేస్తుంటారు, కొనేముందు పెట్టె మీద ఎడ్జ్‌హెచ్‌డీ అని ఉందో లేదో చూసుకోండి.

వంపు అద్దంతో పనిచేసే న్యూటోనియన్‌లో ప్రధాన సమస్య వంపు కాదు, కోమా. రిఫ్రాక్టర్ ఫ్లాటెనర్ దానికి పనికిరాదు, కోమా కరెక్టర్ కావాలి. ఫ్రేము కాస్త పెరగాలంటే స్కై-వాచర్ 0.9ఎక్స్ కోమా కరెక్టర్ ఉంది, 130పీడీఎస్‌ని 650 నుంచి 585 మి.మీ.కి తెస్తుంది.

ఒకటింపావు అంగుళాల ఫిల్టర్ థ్రెడ్‌కి బిగించే చవక 0.5ఎక్స్ రెడ్యూసర్లు బజార్లో చాలా ఉన్నాయి. అవి రెడ్యూసర్లే, ఫ్లాటెనర్లు కావు. 8 మి.మీ. లోపు కర్ణం ఉన్న చిన్న గ్రహాల కెమెరాతో, తెర మీద ప్రత్యక్షంగా చూపించే కార్యక్రమాలకి సరిపోతాయి. పెద్ద సెన్సర్‌కి పెడితే మధ్యలో ఒక వెలుగు గుండ్రం, చుట్టూ తోకచుక్కలు మిగులుతాయి. ఇక ఒక రెడ్యూసర్ వెనక ఇంకోటి పెట్టడం ఏ ట్యూబుకీ పనికిరాదు.

బ్యాక్‌ఫోకస్: గెలుపోటములు ఇక్కడే

ఎంత ఖరీదు పెట్టి కొన్నా, సెన్సర్ దూరం తప్పితే ఏ ఫ్లాటెనరూ పనిచేయదు. రిఫ్రాక్టర్ ఫ్లాటెనర్లలో ఎక్కువవాటికి ఈ దూరం 55 మి.మీ. ఇది పాత టీ-మౌంట్ నుంచి వచ్చిన కొలత: కానన్ ఈఎఫ్ బాడీలో సెన్సర్ దాకా 44, టీ-రింగు 11, మొత్తం 55. నికాన్ ఎఫ్‌లో 46.5కి 8.5 కలిస్తే 55. మిర్రర్‌లెస్ బాడీలు సన్నం కాబట్టి వాటి టీ-రింగులు పొడుగ్గా ఉంటాయి: సోనీ ఈ మౌంటులో 18 మి.మీ.కి 37, నికాన్ జెడ్‌లో 16కి 39, కానన్ ఆర్ఎఫ్‌లో 20కి 35. డీఎస్ఎల్ఆర్ కోసం కొన్న టీ-రింగుని ఎడాప్టర్ మీద మిర్రర్‌లెస్‌కి వాడుతున్నవాళ్లు మొత్తం కలిపి 55 అవుతోందా అని ఒకసారి కొలుచుకోవాలి.

కొలత మొదలయ్యేది ఫ్లాటెనర్ వెనక థ్రెడ్ చివర నుంచి కాదు, ఆ థ్రెడ్ మొదట్లో ఉన్న చదునైన భుజం నుంచి. థ్రెడ్ ఎడాప్టర్ లోపలికి దూరిపోతుంది, కాబట్టి దాని పొడవు లెక్కలోకి రాదు. స్పేసర్లకి కూడా అంతే: వెర్నియర్ కాలిపర్‌తో బయట కనిపించే ఒళ్లు మాత్రమే కొలవాలి.

కూల్డ్ రంగుల కెమెరాతో లెక్క ఇలా ఉంటుంది. జడ్‌డబ్ల్యూఓ ఏఎస్‌ఐ533, ఏఎస్‌ఐ2600 రంగుల కెమెరాల్లో ముందు అంచు నుంచి సెన్సర్‌కి 17.5 మి.మీ. పెట్టెలో వచ్చే 21, 16.5 మి.మీ. స్పేసర్లు కలిపితే సరిగ్గా 55. గైడ్ కెమెరాకి అదే ట్యూబులోంచి కొంత వెలుగు మళ్లించే ఆఫ్-యాక్సిస్ గైడర్ పెట్టుకుంటే అది 16.5 మి.మీ. స్పేసర్ స్థానంలోకి వస్తుంది, మొత్తం మారదు. మోనో (నలుపు-తెలుపు) ఏఎస్‌ఐ2600కి టిల్ట్ ప్లేటు తీసేస్తే 12.5 మి.మీ. దానికి 20 మి.మీ. ఫిల్టర్ వీల్ (ఫిల్టర్లు మార్చే చక్రం), 16.5 మి.మీ. గైడర్ కలిపితే 49. ఇంకా 6 మి.మీ. కావాలి.

దానికి ఫిల్టర్ మందం కలపాలి. ఫ్లాటెనర్‌కీ సెన్సర్‌కీ మధ్య ఉన్న గాజు, ఫోకస్‌ని తన మందంలో సుమారు మూడో వంతు వెనక్కి నెడుతుంది. 2 మి.మీ. ఫిల్టర్ ఉంటే 55కి బదులు 55.7 ఉండాలి. అంటే పైన చెప్పిన 6 కాస్తా 6.7 అవుతుంది. 5 మి.మీ. రింగు, 1 మి.మీ. రింగు, మిగతా 0.7కి పల్చటి ప్లాస్టిక్ షిమ్ములు. రెండంగుళాల ఫిల్టర్‌ని ఫ్లాటెనర్ ముందు ముక్కుకి బిగిస్తే ఈ లెక్క అక్కర్లేదు, దూరం మారదు.

థ్రెడ్ల దగ్గర ఒక ఉచ్చు ఉంది. టీ-2 థ్రెడ్ ఎం42 × 0.75. పాత కెమెరా లెన్సుల స్క్రూ మౌంట్ ఎం42 × 1. వ్యాసం ఒక్కటే కాబట్టి ఒకటి రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోతుంది. బలవంతం చేస్తే అల్యూమినియం థ్రెడ్ పాడవుతుంది, కెమెరా వాలిపోతుంది. ఏపీఎస్‌-సికి ఎం42 సరిపోతుంది గానీ ఫుల్ ఫ్రేముకి మొదటి నుంచీ ఎం48 తీసుకోవాలి, లేకుంటే ఆ సన్నటి మెడే మూలల్ని కోసేస్తుంది.

ఫోకస్ చేరుతుందా అన్నదీ చూసుకోవాలి. రెడ్యూసర్ ఫోకస్ బిందువుని ట్యూబు వైపు లాగుతుంది, అందువల్ల ఫోకసర్‌లో జరిగే గొట్టం, డ్రాట్యూబు, ఇంకా లోపలికి వెళ్లాలి. చూడటానికి పొడుగ్గా చేసిన కొన్ని పాత రిఫ్రాక్టర్లలో, చాలా న్యూటోనియన్లలో ఆ చోటు ఉండదు. ట్యూబు వెనక విప్పదీసే పొడిగింపు ముక్క ఉంటే దాన్ని తీసేసి ప్రయత్నించాలి.

మూలలు ఇంకా బాగులేకపోతే

మొదట నాలుగు మూలలూ ఒకేలా చెడ్డాయా, ఒక పక్కే చెడిందా చూడండి. ఒకేలా చెడితే దూరం తప్పింది. ఒక పక్కే అయితే టిల్ట్, లేదా కెమెరా బరువుకి ఫోకసర్ వాలడం.

దూరం సరిచేయడానికి తల పైన, గాలి స్థిరంగా ఉన్న చోట, నక్షత్రాలు ఒత్తుగా ఉన్న ఫీల్డు ఎంచుకోండి. మధ్యనుంచి మూలకి మూడో వంతు దూరంలో ఉన్న నక్షత్రం మీద ఫోకస్ పెట్టండి. 10 సెకన్లవి ఐదు ఫోటోలు తీసి మూలలు వంద శాతం సైజులో చూడండి. ఫోటోలు తీయించే నీనా సాఫ్ట్‌వేర్‌లోని అబరేషన్ ఇన్‌స్పెక్టర్ ఫ్రేములోని తొమ్మిది ముక్కలూ పక్కపక్కన చూపిస్తుంది, ఆస్టాప్ అనే సాఫ్ట్‌వేర్ టిల్ట్ శాతం కూడా చెబుతుంది. చాలా రిఫ్రాక్టర్ ఫ్లాటెనర్లలో నక్షత్రాలు మధ్య బిందువు వైపు గీతల్లా సాగితే సెన్సర్ మరీ దగ్గరగా ఉన్నట్టు, మధ్య చుట్టూ తిరుగుతున్నట్టు అడ్డంగా సాగితే మరీ దూరంగా ఉన్నట్టు. కొన్ని డిజైన్లలో ఇది తిరగబడుతుంది. అందుకని గుర్తుని నమ్మి ఒకేసారి 3 మి.మీ. మార్చేయకండి. 0.5 మి.మీ. కలపండి, మళ్లీ ఫోకస్ చేయండి, మళ్లీ చూడండి. మెరుగైతే అదే దిశ, చెడితే ఎదురు దిశ. విలియం ఆప్టిక్స్ ఫ్లాట్6ఏ3 లాంటి వాటిలో తిప్పి దూరం మార్చే రింగు ఉంటుంది కాబట్టి షిమ్ముల బాధ లేదు. ఆ 0.8ఎక్స్‌ని జీటీ81 ట్యూబుకి పెడితే 478 నుంచి 382 మి.మీ.కి దిగుతుంది.

నిజంగా ఎంత ఫోకల్ లెంగ్త్ వచ్చిందో తెలుసుకోవడానికి ఒక ఫోటోని ప్లేట్ సాల్వ్ చేయండి, అంటే అందులోని నక్షత్రాలని సాఫ్ట్‌వేర్‌తో గుర్తింపజేయండి. పిక్సెల్ మైక్రాన్లని 206.265తో హెచ్చించి, వచ్చిన ఆర్క్‌సెకన్ల స్కేలుతో భాగిస్తే ఫోకల్ లెంగ్త్ మి.మీ.లలో వస్తుంది. 560 రావాల్సిన చోట 545 వచ్చిందంటే సెన్సర్ ఎక్కువ దూరంలో ఉంది. మూలల నక్షత్రాల గుర్తు, ఈ అంకె రెండూ ఒకే మాట చెబితే ధైర్యంగా షిమ్ము తీయవచ్చు.

టిల్ట్ ఎక్కడుందో కనిపెట్టాలంటే కెమెరాని మాత్రమే 180 డిగ్రీలు తిప్పి మళ్లీ తీయండి. ఫోటోలో చెడిన మూల అదే మూలలో ఉంటే తప్పు కెమెరాది లేదా దాని ఎడాప్టరుది. ఎదురు మూలకి మారితే ఫోకసరుది, ముందున్న లెన్సుది. రెండు చిన్న స్క్రూలతో పట్టుకునే రెండంగుళాల ముక్కుల వల్లే సగం టిల్ట్ కేసులు వస్తాయి. వీలైనచోటల్లా థ్రెడ్‌తో బిగించే ఎడాప్టర్ వాడండి.

మీ ట్యూబు కంపెనీ ఫ్లాటెనర్ దొరకనప్పుడు అందరికీ సరిపోయే సాధారణ 1.0ఎక్స్ ఫ్లాటెనర్ తీసుకోవచ్చు. వాటితో పాటు ఫోకల్ లెంగ్త్‌ని బట్టి దూరం ఎంత పెట్టాలో ఒక పట్టిక ఇస్తారు, 55 అని అనుకోకూడదు. అలాంటి సాధారణ రెడ్యూసర్‌ని మాత్రం మేము సిఫారసు చేయం. చదును చేయడం, కుదించడం రెండూ ట్యూబు వంపుకి తగినట్టు కుదరాలి కాబట్టి, ఇంకో ట్యూబు కోసం చేసింది చాలావరకు మధ్యలోనే బాగుంటుంది.

3 నానోమీటర్ల నారోబ్యాండ్ ఫిల్టర్లు (ఒక్క సన్నటి రంగు పట్టీనే లోపలికి పంపేవి) వాడేవాళ్లు ఎఫ్/4 దగ్గర ఇంకోటి చూసుకోవాలి. వాలుగా వచ్చే కిరణాలకి ఫిల్టర్ పట్టే రంగు నీలం వైపు జరుగుతుంది, మూలల్లో హైడ్రోజన్ వెలుగు కొంత తప్పిపోతుంది. ఎఫ్/5.4 దగ్గర 6, 7 నానోమీటర్ల ఫిల్టర్లకి ఈ సమస్య కనబడదు.

1.0ఎక్స్ నుంచి 0.8ఎక్స్‌కి మారిన ప్రతిసారీ, కెమెరాని తిప్పిన ప్రతిసారీ ఫ్లాట్ ఫ్రేములు (మూలల నల్లదనాన్ని, దుమ్ము మచ్చల్ని తీసేయడానికి సమాన వెలుగులో తీసే ఫోటోలు) కొత్తగా 25, 30 తీయాలి, ఎందుకంటే మూలల నల్లదనం రెడ్యూసర్‌ని బట్టి మారుతుంది, దుమ్ము చుక్కలు కెమెరాతో పాటు తిరుగుతాయి. వాడిన సామాను కొంటుంటే వెనక ఎడాప్టర్ రింగు పెట్టెలో ఉందో లేదో ముందే అడగండి. కొన్ని కంపెనీల రెడ్యూసర్లకి ట్యూబు వైపు థ్రెడ్ ఆ మోడల్‌కే ప్రత్యేకంగా ఉంటుంది, ఆ రింగు లేకపోతే విడిగా తెప్పించడానికి వారాలు పడుతుంది.